బెంగళూరు బ్లూ ద్రాక్ష వేస్తారా? పందిరికి ముందే బేరం చూసుకోండి

మన వైపు రైతుకు 'బెంగళూరు' అంటే తోతాపురి మామిడే. అదే ఊరి పేరుతో ఒక ద్రాక్ష ఉందని, దాంతో ఎర్ర వైన్ తయారవుతుందని చాలామందికి తెలియదు. కుప్పం, పలమనేరు దాటి కోలారు, చిక్కబళ్లాపురం వైపు వెళితే దీని పందిళ్లు కనిపిస్తాయి. పేరు బెంగళూరు బ్లూ. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్న మన పడమటి మండలాల రైతులు దీన్ని వేయాలనుకుంటే ముందుగా కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

గుర్తించడం ఎలా?

కాయ చిన్నది, గింజ ఉంటుంది. రంగు ముదురు ఊదా, దాదాపు నలుపు. వేళ్లతో నొక్కితే గుజ్జు తోలు వదిలి జారి బయటికొస్తుంది. ఘాటైన వాసన దీని ప్రత్యేకత. ఇది అమెరికా జాతి ద్రాక్ష నుంచి వచ్చిన గుణం. ఇసబెల్లా అనే రకానికే మన దగ్గర ఈ పేరు. ఆ రకంతో పాటు మరో ఐదింటిని ఫ్రాన్స్ 1934 నాటి చట్టంతో నిషేధించింది. మన దేశంలో అలాంటి అడ్డంకి లేదు. రసానికి, వైన్‌కు దీన్ని వాడుతున్నారు.

వైన్ ఎలా అవుతుంది?

ఎర్ర వైన్‌కు రంగు ప్రధానంగా తోలు నుంచే వస్తుంది. అందుకే కాయలను చిదిపి తోలుతో సహా పులియబెడతారు. రసంలోని చక్కెరను ఈస్టు ఆల్కహాలుగా మారుస్తుంది. ఈ రకం రసంలో చక్కెర 16-18 బ్రిక్స్ ఉంటుంది. వైన్ కోసమే పెంచే ఫ్రెంచి రకాలను 22-24 వచ్చాక కోస్తారు. 17 బ్రిక్స్ రసంతో ఆల్కహాలు 9 శాతం దాటడం కష్టం. తయారీదారులు చక్కెర కలుపుకోవాల్సి వస్తుంది. ఈ కాయ ఎక్కువగా తియ్యటి వైన్లలోకి పోవడానికి కారణం ఇదే.

రైతుకు లాభించే గుణాలు

చల్లని వాతావరణంలో ఏడాదికి రెండుసార్లు కత్తిరించి రెండు పంటలు తీయవచ్చు. పక్షికన్ను తెగులును బాగా తట్టుకుంటుంది. అయితే బూజు తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. ముసురు పట్టినప్పుడు ఆకు అడుగున తెల్లటి బూజు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. తెగులు రాకముందే ఒక శాతం బోర్డో మిశ్రమం (కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు) ఆకు అడుగు తడిసేలా పిచికారీ చేయాలి. ఇనుప పాత్రలు వాడొద్దు. ఈ మందు గుణం 1880లలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్ష తోటల్లోనే బయటపడింది.

ఇదే సంకరంతో హెసరఘట్ట ఉద్యాన పరిశోధనా సంస్థ అర్కా శ్యామ్‌ను రూపొందించింది. బెంగళూరు బ్లూ, బ్లాక్ చంపాలను కలిపి తీసిన ఈ రకంలో ఘాటు వాసన తక్కువ. వైన్‌కూ పనికొస్తుంది.

కొనేదెవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గింజలేని థామ్సన్‌కు అలవాటుపడ్డ కొనుగోలుదారు దీన్ని తినడానికి అంతగా ఇష్టపడడు. కాయలో పెద్ద భాగం ఫ్యాక్టరీకే పోవాలి. ఫ్యాక్టరీని నమ్ముకున్న పంట ఎలా ఉంటుందో మనకు చెప్పాల్సిన పని లేదు. 2025లో తోతాపురి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు సాయం ప్రకటించాల్సి వచ్చింది. మామిడి చెట్టుపై కొన్నాళ్లు ఆగుతుందేమో గానీ, పండిన ద్రాక్ష ఆగదు.

కర్ణాటక 2007లోనే వైన్‌కు ప్రత్యేక విధానం తెచ్చింది. అందుకే కొనుగోలుదారులను సరిహద్దు అవతల వెతకడమే మేలు. మీరే ఇంట్లో వైన్ చేసి అమ్ముదామనుకుంటే మాత్రం లైసెన్సు లేకుండా అది నేరం.

పందిరికి రాయి పాతక ముందే కొనేవారిని ఈ మూడు అడగండి: కిలో ధర ఎంత, ఎంత బ్రిక్స్ వద్ద కోయాలి, రవాణా ఖర్చు ఎవరిది? జవాబులు కాగితంపై రాయించుకోండి. అవి రాకపోతే కొత్త పందిరి వద్దు, పది కడ్డీలు పెరట్లో నాటి చూడండి చాలు.