మధుమేహం – మూత్రపిండాల వ్యాధి: గోదావరి డెల్టాలో రోగుల అవగాహన

1. ఉపోద్ఘాతం:

‘మధుమేహం’ అనే పదంలో ‘మేహం’ మూత్రాన్ని సూచిస్తుంది. తేనెవలె తీయనైన మూత్రం ఈ వ్యాధికి గుర్తుగా నిలిచి, పేరుగా స్థిరపడింది. నేటి వ్యవహారంలో దీని స్థానాన్ని ‘షుగర్’ ఆక్రమించింది. పాత పేరు మూత్రాన్ని గుర్తుచేయగా, కొత్త పేరు దృష్టిని రక్తంలోని చక్కెరపై నిలిపింది. తన చక్కెర ఎంతో అంకెతో సహా చెప్పగలిగిన రోగికి మూత్రపరీక్ష ఎందుకో తెలియకపోవచ్చు. అయితే మధుమేహం మూత్రపిండాలను దెబ్బతీస్తున్న జాడ సాధారణంగా మొదట కనిపించేది మూత్రంలోనే.

2. గోదావరి మండలంలో వ్యాప్తి:

ఉభయగోదావరి జిల్లాల గ్రామాలలో ‘ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమం’ జరిపిన సర్వే ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. 20 గ్రామాలలో 30 ఏళ్లు, ఆపైబడినవారిని పరీక్షించగా సుమారు 13 శాతం మందిలో మధుమేహం కనిపించింది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతి అంతకుముందు తెలియదు. వ్యాధి ఉన్నదని తెలియడం అవగాహనకు మొదటి మెట్టు. అది మూత్రపిండాలకు చేసే హానిని గ్రహించడం రెండవ మెట్టు.

3. వ్యాధి క్రమం:

మూత్రపిండంలోని సూక్ష్మమైన వడపోత గుచ్ఛాలు రక్తంలోని మాంసకృత్తులను బయటకు పోనీయవు. చక్కెర, రక్తపోటు ఏళ్లతరబడి అధికంగా ఉంటే ఆ జల్లెడ దెబ్బతిని, ఆల్బుమిన్ మూత్రంలోకి జారుతుంది. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు, అంతకుమించి ఆల్బుమిన్ ఉండటం హెచ్చరిక. ఈ దశలో నొప్పి ఉండదు, మూత్రం తగ్గదు. రక్తంలో క్రియాటినిన్ స్పష్టంగా పెరిగే నాటికి మూత్రపిండాల శక్తి చాలావరకు క్షీణించి ఉంటుంది. అందుకే టైప్-2 మధుమేహులకు వ్యాధి నిర్ధారణ అయిన నాటినుండి ఏటా ఈ మూత్రపరీక్ష అవసరం.

4. అపోహలు – వాస్తవాలు:

4.1 ‘కిడ్నీ జబ్బు’ అనే ఒకే మాట రాళ్లకూ, మూత్రపిండాల వైఫల్యానికీ చెల్లుతున్నది. రాళ్లున్నవారికి నీరు ఎక్కువగా తాగమన్న సలహా మేలు చేస్తుంది. వైఫల్యం ముదిరి, కాళ్లవాపు, ఆయాసం ఉన్నవారికి అదే సలహా ప్రమాదకరం.

4.2 కోనసీమలో కొబ్బరినీళ్లు చలువకూ, మూత్రం సాఫీగా రావడానికీ పేరుపొందాయి. ఆరోగ్యవంతుల విషయంలో అభ్యంతరం లేదు. వ్యాధి ముదిరినవారిలో పొటాషియం బయటకు పోక రక్తంలో నిలిచిపోతుంది. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు దానిని మరింత పెంచితే గుండె లయ తప్పవచ్చు.

4.3 తీపి మానితే పథ్యం పూర్తయిందన్న భావన మరొకటి. ఆత్రేయపురం పూతరేకులను దూరం పెట్టిన రోగి ఆవకాయను, ఎండుచేపలను యథేచ్ఛగా తినవచ్చు. వాటిలోని ఉప్పు రక్తపోటును పెంచి మూత్రపిండాలపై భారం మోపుతుంది.

4.4 షుగర్ మాత్రలే కిడ్నీని పాడుచేస్తాయన్న భయంతో మందులు మానేవారున్నారు. మెట్‌ఫార్మిన్ మూత్రపిండాలను దెబ్బతీయదు. అవి బలహీనపడినప్పుడు వైద్యుడు దాని మోతాదు తగ్గిస్తాడు లేదా ఆపుతాడు. నిజంగా హాని చేయగలవి ఒళ్లునొప్పులకు తరచుగా వాడే కొన్ని నొప్పిమాత్రలు. అయితే వాటిని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోవడానికి ఎవరూ సంకోచించరు.

4.5 అన్నిటికన్నా మోసపుచ్చేది ‘షుగర్ తగ్గిపోయింది’ అన్న సంతోషం. మూత్రపిండాలు క్షీణించినప్పుడు ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది. కొన్ని మాత్రల ప్రభావమూ అంతే. అందువల్ల చక్కెర పడిపోతుంది. రోగి దీనిని స్వస్థతగా భావిస్తాడు. నిజానికి అది వ్యాధి ముదిరిన లక్షణం కావచ్చు. మోతాదు మార్చకుంటే స్పృహ తప్పే ప్రమాదమున్నది.

5. ముగింపు:

పై అపోహలను కేవలం అజ్ఞానమని కొట్టివేయరాదు. ప్రతిదానిలో ఒక సందర్భానికి సరిపడే అనుభవజ్ఞానం ఉన్నది. పొరపాటు దానిని మరొక సందర్భానికి అన్వయించడంలోనే ఉన్నది. కాబట్టి ‘అవగాహన లేదు’ అని తేల్చే ప్రశ్నావళికన్నా, రోగి మాటలోని అర్థాన్ని వెలికితీసే సంభాషణ ఎక్కువ ఉపకరిస్తుంది. ‘మీకు కిడ్నీ జబ్బు గురించి తెలుసా?’ అన్న ప్రశ్నకు వచ్చే ‘తెలుసు’ అన్న జవాబు రాళ్లను గురించినదో, వైఫల్యాన్ని గురించినదో పరిశోధకుడు విడదీసి చూడాలి. డయాలసిస్ అనే మాట ఆరోగ్యశ్రీ వంటి పథకాల ద్వారా పల్లెలకూ చేరింది. దానికి ఎంతో ముందు చేయవలసిన మూత్రపరీక్ష పేరు కూడా అంతే పరిచితమైనప్పుడు ఆ అవసరం రాకుండా, లేదా ఆలస్యంగా వచ్చేలా చూసుకునే అవకాశం రోగి చేతికి వస్తుంది.