ఐనచో, కానిచో

ఈ ప్రసంగమును మైక్రోఫోను ముందర చదువుట కంటె ఇట్లు అచ్చులో చూపుటయే సులభము. కామాలను, కుండలీకరణములను నోట పలికి వినిపించుటలో మేము పడిన అవస్థ ఆనాడు విన్న శ్రోతలు ఎరుగుదురు. కొందరు సూత్రములను కాగితముపై చూడగోరి జాబులు వ్రాసిరి. వారి కొరకే ఈ పాఠము.

నేడు పాఠశాలలలోను, సహకార సంఘములలోను, మావంటి కార్యాలయములలోను లెక్కలు వ్రాయు స్ప్రెడ్‌షీటు గళ్ళకాగితము వంటిది. నిలువు వరుసలకు అక్షరములు, అడ్డు వరుసలకు అంకెలు గుర్తులు. 'సి' అను నిలువు వరుసలో రెండవ గడి సి2. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను అమెరికనులు విజికాల్క్ అను పేర దీనిని ఆపిల్ 2 యంత్రముపై వెలువరించిరి. మనలో పెక్కుమంది వాడు ఎక్సెల్ 1985లో వచ్చినది. కూడికలు, తీసివేతలు దీనికి చిన్న పనులు. ఒక గడిని చూచి 'ఇట్లైనచో ఇది వ్రాయుము, కానిచో అది వ్రాయుము' అని ఆజ్ఞాపింప వీలగుటయే దీని బలము. ఆ ఆజ్ఞ పేరు ఇఫ్.

=ఇఫ్(సి2>=35, "ఉత్తీర్ణత", "అనుత్తీర్ణత")

ఇందు మూడు భాగములు. మొదటిది షరతు, రెండవది షరతు నిజమైనచో వ్రాయవలసినది, మూడవది కానిచో వ్రాయవలసినది. షరతును ముందు చెప్పి ఫలితమును వెనుక చెప్పుట తెలుగు వాక్యమునకు సహజమే గనుక, మనకు ఇది నేర్చుట కష్టము కాదు. కష్టము రెండవ షరతుతో మొదలగును.

మేము బాలల కార్యక్రమమునకై స్వరపరీక్ష జరిపినపుడు 60 మార్కులు, అంతకు పైన వచ్చినవారిని ఎంపిక చేయవలెననియు, 50కి తగ్గనివారిని నిరీక్షణ జాబితాలో ఉంచవలెననియు నిర్ణయించితిమి. ఒక ఇఫ్ లోపల మరియొక ఇఫ్ వ్రాయవలసి వచ్చినది. తొందరలో 50 షరతును ముందు వ్రాసితిమి. సూత్రము ఎడమనుండి చదువుచు, నిజమైన మొదటి షరతు దొరకిన చోటనే ఆగిపోవును. 82 మార్కుల బాలుడును 50కి పైవాడే కదా! కావున అందరును నిరీక్షణలో చేరిరి, ఎంపికైనవాడు ఒక్కడును లేడు. పెద్ద మెట్టు ముందు, చిన్న మెట్టు వెనుక వ్రాయగా అది చక్కబడినది. మధ్య తరగతిని లెక్కల పుస్తకమునందువలె 50<=సి2<60 అని వ్రాసిన మిత్రులును కలరు. ఎక్సెల్ దీనికి తప్పు చూపదు గాని, ఏ మార్కుకైనను 'కాదు' అనియే చెప్పును. అండ్(సి2>=50, సి2<60) అని రెండు షరతులుగా విడదీసి చెప్పవలెను.

ఈ అండ్ విషయములో మన భాషయే మనలను మోసగించును. 'గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలకు ప్రయాణపు ఖర్చులు ఇయ్యవలెను' అని కార్యాలయ ఉత్తరువు. చదివినవాడు రెండు జిల్లాలును అనుకొని అండ్ వ్రాయును. యంత్రము, ఏకకాలమున రెండు జిల్లాలకు చెందిన పిల్లవానిని వెదకును. అట్టివాడు లేడు, ఎవరికిని ఖర్చులు రావు. ఇక్కడ వ్రాయవలసినది ఆర్, అనగా 'లేదా'. ఈ 'మరియు', 'లేదా', 'కాదు' అను మూడింటిని బీజగణితమువలె నడిపింపవచ్చునని జార్జి బూల్ 1854లోనే గ్రంథము వ్రాసి చూపెను. ఆయన యెదుట మన ఉత్తరువు లేకపోవుట అదృష్టము.

ఇంతవరకు చెప్పినవి కంటికి కనబడు తప్పులు. కనబడనిది ఒకటి కలదు.

ఎంపిక ఉత్తరములు పంపిన పిమ్మట, ఒకనాటి ఉదయము ఒక రైతు పదునొకండేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని, తొలి బస్సు దిగి మా కేంద్రమునకు వచ్చెను. చేతిలో మేము పంపిన ఉత్తరము ఉన్నది. పిల్ల కొత్త పరికిణీ కట్టుకొన్నది. మా పరీక్షకులలో ఆమెను ఎరిగినవారు లేరు. పత్రము తెరచి చూచితిమి. పరీక్షనాడు ఆమెకు జ్వరము, రాలేదు. మా గుమాస్తా మార్కుల గడిలో 'రాలేదు' అని నిజమే వ్రాసెను. పక్క గడిలో సూత్రము 'ఎంపిక' అని వ్రాసినది.

కారణమిది. అంకెను అక్షరములతో పోల్చుమన్నపుడు, ఎక్సెల్ ఏ అక్షరములనైనను ఏ అంకెకంటెను పెద్దవిగా ఎంచును. కనుక 'రాలేదు' అనునది 60కి మించినది. దీనికి ఎదురు తప్పును అదే పత్రమున కనుగొంటిమి. మార్కులు ఇంకను ఎక్కింపని ఖాళీ గడిని సున్నగా తీసికొని, సూత్రము ఒక బాలుని త్రోసివేసినది. అతడు రాలేదు గనుక మాకు తెలియలేదు. అతని మార్కులు 71.

తరువాత సూత్రమును ఇట్లు మార్చితిమి:

=ఇఫ్(ఇజ్‌నంబర్(సి2), ఇఫ్(సి2>=60, "ఎంపిక", ఇఫ్(సి2>=50, "నిరీక్షణ", "లేదు")), "విచారింపవలెను")

గడిలో ఉన్నది అంకెయేనా అని ఇజ్‌నంబర్ ముందుగా అడుగును. కానిచో తీర్పు చెప్పక, 'విచారింపవలెను' అని మన చేతికే విడుచును. ఇంత పొడుగు సూత్రము వ్రాయునపుడు కుండలీకరణములను లెక్కించుకొనుట మరువరాదు; తెరచినవి ఎన్నియో మూసినవి అన్ని ఉండవలెను. 60, 50 అను అంకెలను సూత్రములో ఇమిడ్చుటకంటె వేరు గళ్ళలో ఉంచి, ఆ గళ్ళ పేర్లు వ్రాయుట మేలు. మరుసటి యేడు మార్కుల హద్దు మారినపుడు ఒక్క చోట దిద్దిన చాలును.

71 మార్కుల బాలునికి ఆనాడే ఉత్తరము వేసితిమి. బాలికకు మధ్యాహ్నము స్వరపరీక్ష జరిపితిమి. 54 మార్కులు వచ్చినవి. కొత్త సూత్రము 'నిరీక్షణ' అని వ్రాసినది. తండ్రికి జరిగినదంతయు చెప్పి, క్షమాపణ కోరి, రానుపోను ఖర్చులు ఇచ్చితిమి. సాయంకాలపు బస్సు వేళవరకు ఆ పిల్ల స్టూడియో అద్దమునకు ఇవతల కూర్చుండి, లోపల జరుగుచున్న నాటక రిహార్సలును చూచుచుండెను.