కడలినీటి వయస్సు

నాలుగైదు వేల మీటర్ల లోతున, వెలుతురెరుగని చలిలో మెల్లగా సాగుచుండు నీరు ఏనాడు, ఏ సముద్రమున పైతలమును వీడి క్రిందికి దిగినదో తెలియజెప్పు సాక్ష్యము ఆ నీటియందే కలదు. అందు కరగియున్న రేడియోధార్మిక పరమాణువులే ఆ సాక్ష్యము.

విశ్వకిరణముల తాకిడికి వాయుమండలపు పైపొరలలో నత్రజనినుండి నిత్యము జనించు కార్బన్-14, బొగ్గుపులుసు వాయువులో చేరి, గాలివెంట వచ్చి కడలినీట కరగును. నీరు పైన నున్నంతవరకు ఈ రాబడి ఆగదు. గ్రీన్లాండు చెంతనో, అంటార్కిటికాను ఒరసికొనియున్న వెడెల్ సముద్రముననో చల్లబడి బరువెక్కి మునిగిన పిమ్మట వ్యయమే కాని ఆదాయముండదు. 5,730 సంవత్సరములకు సగము, అనగా వేయేండ్లకు సుమారు 11 శాతము తరుగును. ఈ తరుగుదలను లెక్కించినప్పుడు ఉత్తర పసిఫిక్ లోతునీరు పైగాలి సోకి వేయేండ్లు దాటినదని తేలినది. నన్నయభట్టు భారతమును తెనిగింప పూనిన నాటికే ఆ నీరు చీకటిలో ప్రయాణించుచుండెనన్నమాట! అయితే ఈ గణితము తోచినంత సులభము కాదు. ధ్రువప్రాంతములలో మునుగు నీటికి అడుగునుండి ఎగసిన పాతనీరు ముందే కలసియుండును; పైన చచ్చిన జీవుల దేహములు, గుల్లలు క్రిందికి రాలి క్రొత్త కర్బనమును చేర్చును. ఈ రెంటిని సవరింపక చెప్పిన వయస్సు వయస్సు కానేకాదు.

1950, 60 దశకములలో హైడ్రోజన్ బాంబుల పరీక్షలవలన గాలిలో పెరిగిన ట్రిటియము హైడ్రోజన్ రూపభేదమే యగుటచే, నీటి అణువులోనే భాగమై వర్షముగా కురిసి సముద్రమున కలసినది. దాని అర్ధాయువు, అనగా సగము తరుగు కాలము, 12.3 సంవత్సరములే. 1972లో జియోసెక్స్ అను సముద్ర పరిశోధనకై అట్లాంటిక్‌పై బయలుదేరిన నార్ నౌక తెచ్చిన నీటిని పరీక్షింపగా, ఉత్తరపు చలిసముద్రములలో ఆ ట్రిటియము పదేండ్లలోనే అడుగు వరకు దిగియుండెను. వానకు సైతము జనులు జంకిన ఆ పరీక్షలను క్షమింప నా మనస్సొప్పదు. అయినను, నేడు మనము గాలిలో వదలు బొగ్గుపులుసు వాయువును, భూమి వేడిమిని సముద్రము ఎంత వేగముగా లోనికి గొనిపోవునో ప్రత్యక్షముగా చూపినది ఆ జాడయే.

పదుల యేండ్లకు ట్రిటియము, వేల యేండ్లకు కార్బన్, నడుమనుండు శతాబ్దములకో? 269 సంవత్సరముల అర్ధాయువుగల ఆర్గాన్-39 అందులకు తగినది. జడవాయువగుటచే ఏ ప్రాణియు దానిని గ్రహింపదు. కావున కర్బనమునకు వలె జీవుల చిక్కు లేదు. చిక్కెల్ల దాని అరుదుతనమే. ఒక్క కొలతకు వేయి లీటర్ల నీరు కావలసివచ్చెడిది. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు లేజరు కాంతితో ఆ పరమాణువులను ఒక్కొక్కటిగా పట్టి లెక్కించు పద్ధతిని సాధించిన పిదప, ఇప్పుడు అయిదు లీటర్లు చాలుచున్నవి.