మేం క్రేను కొన్నాం

పద్యంలో గణం ఎక్కడ తప్పిందో చూసిపెట్టమంటే చూసిపెడతాను. పెళ్ళిసంబంధం చూసి రమ్మన్నా, మొహమాటపడుతూనైనా సరే, వెళ్ళి కాఫీ తాగి వస్తాను. కాని కిందటి వేసవి సెలవుల్లో మా అక్కయ్య కబురుపెట్టి, "తమ్ముడూ, అబ్బాయి క్రేను కొంటాట్ట. నువ్వొకసారి చూసి రా" అన్నప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు.

మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదివాడు. నాలుగేళ్ళు ఎవరి దగ్గరో క్రేను నడిపాడు. ఇప్పుడు సొంతంగా ఒకటి కొని అద్దెకు తిప్పుతానంటాడు. బావగారు పోయాక అక్కయ్యకు మిగిలింది ఒక ఎకరం. అందులో సగం అమ్మి, వచ్చిన తొమ్మిది లక్షలూ వాడి పేర బ్యాంకులో వేసింది. కొత్త బండికి అది చాలదు. కనుక పాతది. "చదువుకున్నవాడివి, నిన్నెవరూ మోసం చెయ్యలేరు" అని అక్కయ్య నమ్మకం. తెలుగు ఎమ్మేకీ క్రేనుకీ ఉన్న సంబంధమల్లా ఒక్కటే: ఇంగ్లీషులో ఆ మాట మొదట ఒక పక్షి పేరు. కొంగలాగా పొడుగు మెడ చాస్తుంది గనుక యంత్రానికీ ఆ పేరే పెట్టారు. ఈ సంగతి చెబితే మావాడు, "బావుంది మావయ్యా, మరి సిలిండర్ సీళ్ళు కూడా చూస్తావా?" అన్నాడు.

అదృష్టవశాత్తూ మా వీధి చివర ఒక మేస్త్రీగారున్నారు. విశాఖ రేవులో ముప్ఫయ్యేళ్ళు ఖలాసీగా పనిచేసి రిటైరయ్యారు. ఖలాసీ అంటే బరువులకు తాళ్ళు కట్టి, పైకెత్తించి, చెప్పిన చోట దింపించే మనిషి. 2020 ఆగస్టు 1న మా ఊళ్ళోనే, హిందూస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేనును పరీక్షిస్తూండగా అది కూలి 11 మంది చనిపోయారు. ఆ రోజంతా ఆయన అన్నం ముట్టలేదని వాళ్ళావిడ చెప్పింది. ఆయన్ని బతిమాలి తీసుకువెళ్ళాను.

మేం చూడబోయింది హైడ్రా. మీరూ వీధుల్లో చూసే ఉంటారు. ముందుకు చాచిన పొడుగాటి ఇనుప చెయ్యి, అంటే బూము, దాని చివర కొక్కెం. బరువును వేలాడదీసుకుని అలాగే నడిచిపోతుంది. ఈ బండి పధ్నాలుగు టన్నులదన్నారు. నేను మురిసిపోయాను. మేస్త్రీగారు నవ్వారు. పధ్నాలుగు టన్నులంటే బూము ముడుచుకుని, బరువు బండికి దగ్గరగా ఉన్నప్పటి మాటట. చాచినకొద్దీ ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది. నిండు బిందెను చంకన పెట్టుకుని సునాయాసంగా నడిచే ఇల్లాలు, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోగలదా? ఎంత చాస్తే ఎంత ఎత్తవచ్చో తెలిపే పట్టిక డ్రైవరు కళ్ళెదుట ఉండాలి. దాన్ని లోడ్ చార్టు అంటారు. ఈ బండిలో ఆ చోట ఒక సినిమా తార బొమ్మ ఉంది.

గాజువాక దాటాక ఉన్న ఆ యార్డుకు ఉదయం ఏడింటికే చేరాం. మేం వచ్చేదాకా ఇంజను స్టార్టు చెయ్యవద్దని మేస్త్రీగారు ముందే ఫోను చేయించారు. చల్లటి ఇంజను ఎన్ని తిప్పలు పెట్టి కదులుతుందో, ఎంత పొగ కక్కుతుందో చూస్తేగాని దాని ఆరోగ్యం తెలియదు. వెళ్ళగానే ఆయన బానెట్టు మీద అరచెయ్యి పెట్టారు. వెచ్చగా ఉంది. "మీరొస్తున్నారని కాస్త వేడిచేసి ఉంచాం సార్" అన్నాడు యజమాని ఎంతో మర్యాదగా.

బండి మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. నిగనిగలాడే పసుపు రంగు. మేస్త్రీగారు రంగును చూడనే లేదు. జేబులోంచి పాత గుడ్డపీలిక తీసి ఇనుపతాడుకు చుట్టి, తాడును మెల్లగా వదలమన్నారు. వట్టి చేత్తో తాడును తడమకూడదు, తెగిన తీగ అరచేతిని చీల్చేస్తుంది. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ తీగ తెగినట్టు. తాడులోని పేట ఒకటి తాడు చుట్టూ ఒక్క చుట్టు తిరిగే నిడివిలో ఆరు తీగలు తెగి ఉంటే ఆ తాడును తీసి పారెయ్యవలసిందే. ఒకే పేటలో అయితే మూడు చాలు. ఒకచోట మందంగా గ్రీజు పూసి ఉంది. ఆయన అక్కడే తుడిపించారు. నేను కూడా లెక్కపెట్టాను. తొమ్మిది.

బూము కొసన గొలుసుతో ఒక చిన్న బరువు వేలాడాలి. కొక్కెం పైకి వచ్చి దానికి తగిలితే మోటారు ఆగిపోతుంది. ఆగకపోతే కొక్కెం బూముకు గుద్దుకుని తాడు తెగుతుంది. ఇక్కడ ఆ బరువును ఎవరో తీగతో పైకి కట్టేశారు. "మాటిమాటికీ ఆగిపోతోందని కట్టాం" అన్నాడు యజమాని.

ఇక ఎత్తి చూపించమన్నాం. మూలనున్న కాంక్రీటు దిమ్మను చూపించి, ఆరు టన్నులన్నాడు. మేస్త్రీగారు టేపు తీశారు. మీటరున్నర పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. ఘనపు మీటరు కాంక్రీటు రమారమి 2.4 టన్నులు. అంటే దిమ్మ మూడున్నర టన్నుల పైచిలుకు, అంతే. దాన్నే జానెడెత్తు లేపి, బూమును ఎత్తే సిలిండరు కడ్డీ మీద సుద్దతో గీత గీసి, ఇంజను ఆపించారు. మేం టీ తాగి వచ్చేసరికి పది నిమిషాలయింది. గీత నాలుగు వేళ్ళు లోపలికి పోయింది.

అంతవరకు నా ప్రయోజకత్వం సున్న. కాగితాలు మాత్రం నా చేతికిచ్చారు. అప్పు మీద కొన్న బండయితే అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే 35వ నంబరు ఫారం, అభ్యంతరం లేదనే ఉత్తరం ఉండాలి. అవి ఉన్నాయి. ఎత్తే యంత్రాలను ఏడాదికొక్కసారయినా అర్హుడైన మనిషి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే వ్రాశారు. ఆ సర్టిఫికెట్టూ ఉంది. అయితే ఇరవయ్యేళ్ళుగా జవాబు పత్రాలు దిద్దుతున్నవాణ్ణి, దిద్దిన అంకె నా కంట పడకుండా పోదు. ఛాసిస్ నంబరులో ఒక 3 తరవాత 8 అయింది. బండి మీద చూస్తే అక్కడ 8 ఉంది. అంటే ఆ సర్టిఫికెట్టు వేరే బండిది!

యజమాని తొణకలేదు. లక్ష తగ్గిస్తానన్నాడు. మావాడి కళ్ళు మెరిశాయి. "సీళ్ళూ తాడూ మార్పించుకుందాం మావయ్యా, ఇంకా మిగులుతుంది" అన్నాడు. మేస్త్రీగారు మాట్లాడకుండా తాళంచెవితో కొక్కెం కడుపున రంగు గీకారు. లోపల వెల్డింగు అతుకు బయటపడింది. పోతబోసినది కాదు, కొక్కేన్ని సాగగొట్టి, తగిన పదును పెట్టి చేస్తారు. వెల్డింగు వేడి తగిలితే ఆ పదును పోతుంది. అందుకే కొక్కేనికి అతుకు వెయ్యకూడదు.

"కొక్కెం కూడా మార్చేద్దాం" అన్నాడు మావాడు, పట్టు వదలకుండా.

"మార్చొచ్చు బాబూ. సీళ్ళు మారతాయి, తాడు మారుతుంది. కొక్కేనికి అతుకేసి రంగు పూసినవాడు, మనకు కనబడని చోట ఏం చేశాడో అదెలా మారుస్తావు? కింద నిలబడి తాడు కట్టేది నువ్వు కాదుగా" అన్నారాయన.

దారి పొడుగునా మావాడు మాతో మాట్లాడలేదు. బయానాగా ఇచ్చిన పదివేలు తిరిగి రాలేదు. అక్కయ్య కూడా రెండు రోజులు నాతో ముభావంగానే ఉంది.

రెండు నెలల తరవాత అనకాపల్లి దగ్గర ఒక కాంట్రాక్టరు తన బండిని అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాం. రంగు వెలిసి, చూడ్డానికి బిచ్చగత్తెలా ఉంది. తాడు దానిదీ అరిగిందే. కాని నూనె ఎప్పుడు మార్చిందీ, ఏ సీలు ఎప్పుడు వేసిందీ తారీఖులతో సహా వ్రాసిన పుస్తకం ఉంది. గీత పది నిమిషాలకూ కదలలేదు. ఎనిమిది లక్షలకు కొని, మిగిలిన దాంట్లో కొత్త తాడు వేయించాం. ఆ కొక్కెం నోటికి అటూ ఇటూ రెండు చుక్కలున్నాయి. వాటి మధ్య దూరం పెరిగితే కొక్కెం నోరు తెరుచుకుంటున్నట్టు. మావాడు నా పాత ఛందస్సు నోట్సు వెనక పేజీల్లో వారం వారం ఆ కొలత వ్రాస్తున్నాడు.

మొన్న గాజువాక వైపు బస్సులో వెడుతూ చూస్తే, యార్డులో ఆ పసుపు బండి లేదు. మేస్త్రీగారికి చెప్పాను.

"కొక్కెం మార్చి అమ్మాడా, అలాగే అమ్మేశాడా?" అన్నారు.

తెలియదన్నాను.

"దిగి అడగకపోయారా మాష్టారూ?"

ఆదివారం పనిగట్టుకుని వెళ్ళాను. యార్డుకు తాళం వేసి ఉంది.