వార్తల్లో పదం: ఆటిజంలో పర్ఫెక్షనిజం

ఏప్రిల్ 2, ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఆ రోజు ఎక్కువగా వినిపించేది మాట ఆలస్యమైన పిల్లల గురించే. కానీ మాటలు బాగా వచ్చి, మార్కులూ తెచ్చుకునే ఆటిస్టిక్ వ్యక్తుల్లో చాలామందిని లోలోపల నలిపేసేది పర్ఫెక్షనిజం. పనిలో చిన్న లోపమున్నా మొత్తం పాడైనట్టే వాళ్లకు అనిపిస్తుంది.

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక తరగతి గది అనుకోండి. చూచిరాతలో ‘క్ష’ కాస్త గీత దాటింది. పిల్లాడు రబ్బరుతో చెరిపాడు, మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు. కాగితం చిరిగింది. ఇక ఏడుపు ఆగదు. ‘గుంటడికి మొండితనం’ అనేస్తాం. నిజానికి వాడు భయంతో వణికిపోతున్నాడు.

అన్నీ ఒకేలా ఉండాలన్న పట్టు ఆటిజంలో ఉంటుందని పిల్లల మనోవైద్యుడు లియో కానర్ 1943లోనే రాశారు. తప్పు చేసినప్పుడల్లా తిన్న తిట్లు దానికి తోడైతే పట్టు ఇంకా బిగుస్తుంది. పెద్దయ్యాక కొందరు పని మొదలే పెట్టరు, ముగించినా చేతికివ్వరు. చూసేవాళ్లకది బద్ధకం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లూ అందులో ఉన్నాయి. కానీ ఈ పిల్లలకు సమయమొక్కటే ఇస్తే చెరపడానికే సరిపోతుంది. మాస్టార్లూ, అమ్మానాన్నలూ, ‘ఇంతవరకు రాస్తే చాలు’ అని ముందే హద్దు చెప్పండి. కొట్టివేతలున్న పేజీకీ మార్కులు వేయండి.