ఆంధ్రజనసంఘము: దాని పుట్టుకయు, ఆశయములును

సంఘములు, సభలు, తీర్మానములు అనగానే అవి పురుషులు వసారాలో కూర్చుండి ముచ్చటించుకొను విషయములనియు, మనకు వానితో పనిలేదనియు తలచు సోదరీమణులు నేటికిని కొందఱు కలరు. అట్టివారికొక సంఘము కథను చెప్పదలచితిమి. అది పుట్టినది మన హైదరాబాదు నగరముననే. దానిని పుట్టించినది ఒక అవమానము. ఆ అవమానము తల్లి ఒడిలో నేర్చిన మాటకు జరిగినది గనుక, ఈ కథలో మొదటినుండియు స్త్రీలకు పాలున్నదని మా తలంపు.

నిజాము ప్రభువుల యేలుబడిలోని ఆ రాష్ట్రమున జనులలో దాదాపు సగముమంది తెలుగువారు. తక్కినవారు మరాఠీ, కన్నడము, ఉర్దూ మాట్లాడువారు. కచేరీలలోను, న్యాయస్థానములలోను ఉర్దూయే వ్యవహారభాష. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే జరుగుచుండెను. నగరమందలి విద్యావంతులైన తెలుగువారు సైతము నలుగురిలో తెలుగు పలుకుటకు జంకుచుండిరి. ఇంట అమ్మతో తెలుగు, గడప దాటినచో పరభాష. ఇది వారి నిత్యజీవితము. ఈ చీకటిలో మొదటి దీపము 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన వెలిగినది. అదియే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగు పెద్దలు దానిని స్థాపించిరి. రంగారావు గారు స్వర్గస్థులైన పిదప వారి ధర్మపత్ని లక్ష్మీనరసమ్మ గారు ఆ నిలయమునకు చేసిన సాయమును తెలుగు చదువరులు మఱువరాదు. భర్త నాటిన మొక్కకు నీరుపోసిన యిల్లాలు ఆమె.

ఇక అసలు కథ. 1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాల నాటకశాలయందు నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగినది. అధ్యక్షులు ధోండో కేశవ కర్వే పండితులు. వితంతువుల విద్యకై జీవితమును ధారపోసి, 1916లో పూనాయందు మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిన మహనీయుడాయన. ఆ సభలో ఉపన్యాసములు ఉర్దూలోను, మరాఠీలోను, ఇంగ్లీషులోను సాగినవి. ఎవ్వరును ఆక్షేపింపలేదు. పిమ్మట అల్లంపల్లి వెంకటరామారావు గారను వకీలు లేచి ఒక తీర్మానముపై తెలుగున మాటలాడ మొదలిడిరి. వెంటనే సభలో కొందఱు నవ్విరి, చప్పట్లు చఱచిరి, అల్లరి చేసిరి. ఆయన ప్రసంగము ముందుకు సాగలేదు.

సంఘమును సంస్కరింపవచ్చిన సభలోనే ఇట్లు జరిగెననుట గమనింపదగినది. కురుసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు బదులు పలుకక తలలు వంచుకొన్న ఘట్టమును మనమందఱము చదివియున్నాము. అన్యాయమును చూచుచు నోరుమెదపని సభాసదునకును ఆ పాపములో భాగముండునని విదురుడు నాడు హెచ్చరించినాడు. వివేకవర్ధినీ సభలోని తెలుగువారు తలవంచుకొని యిండ్లకు పోలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావు గారి యింట సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, ఆదిరాజు వీరభద్రరావు, మిట్టా లక్ష్మీనరసయ్య గార్లు అందు ముఖ్యులు. నాడు కూడినవారు పదునొకండుగురే.

కోపముతో పుట్టిన సంఘములు అనేకములు కోపము చల్లారినతోడనే అంతరించును. ఈ సంఘము అట్లు కాలేదు. 'మమ్ము నవ్వినవారిని మేమును నవ్వుదము' అని వారనుకొనలేదు. ఆ సభలో నోరులేనిదైన తెలుగు ఇంకెన్ని చోట్ల నోరులేక పడియున్నదో వెదకబోయిరి. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు నెలకొల్పుట, తాటియాకు గ్రంథములను, శాసనములను సేకరించుట, పండితులను గౌరవించుట, చిన్న పుస్తకములను అచ్చువేసి పంచుట వారి తొలి ఆశయములు. 1923లో హనుమకొండయందు శాఖలన్నిటికిని కలిపి కేంద్రసంఘము ఏర్పడినది. మాడపాటి వారు దానికి కార్యదర్శులైరి. శాసన పరిశోధనకై లక్ష్మణరావు గారి పేర స్థాపింపబడిన పరిశోధక మండలి 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించినది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు 'గోలకొండ పత్రిక'ను ఆరంభించి ఈ ఉద్యమమునకు గొంతునిచ్చిరి.

గ్రంథాలయములు, శాసనములు చదువుకొన్నవారి ముచ్చటలే కదా, పేదవానికి వానివలన కలిగిన మేలేమని ఎవరైన అడుగవచ్చును. దానికి వెట్టిచాకిరి కథయే సమాధానము. ఆ కాలమున పల్లెలలో దేశ్‌ముఖులకును, పటేలు పట్వారీలకును, గ్రామమునకు వచ్చిన ప్రతి అధికారికిని బడుగువారు కూలిలేక పనిచేయవలసియుండెను. చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, గొల్ల గొఱ్ఱెనీయవలెను, బరువులు మోయువారు ఊరినుండి ఊరికి సామాను మోయవలెను. కోమటి అధికారి విడిదికి సరకులు పంపి వెలకై ఎదురుచూడవలెను. స్త్రీలు దొరల గడీలలో వడ్లు దంచి, పిండి విసరి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తమ పసిబిడ్డల యొద్దకు చేరుచుండిరి. వింతయేమనగా, ఈ వెట్టిని అరికట్టు ఉత్తరువులు ప్రభుత్వ కచేరీలలో అంతకుముందే యుండెను! అవి పల్లెవానికి తెలియని భాషలో ఉండెను. జనసంఘమువారు వెట్టిని గూర్చిన నియమములను తెలుగులో చిన్న పుస్తకముగా అచ్చొత్తించి ఊరూర పంచిరి. వర్తకుల బాధలను గూర్చియు అట్లే ప్రచారము చేసిరి. కాగితముతోనే వెట్టి మాయమైనదని మేము చెప్పము. అది పోవుటకు పిమ్మట చాల రక్తము చిందవలసి వచ్చినది. అయినను తన హక్కు తన భాషలో వ్రాసియున్నదని తెలిసినవాని నడక మాఱును. మాతృభాషాభిమానమనగా ఉగాదినాడు పద్యము పాడుట మాత్రమే కాదని మాకీ చిన్న పుస్తకమువలననే బోధపడినది.

ఇక బాలికల చదువు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు మిత్రుల సాయముతో నగరమున తెలుగు మాధ్యమముగా ఆంధ్ర బాలికా పాఠశాలను స్థాపించిరి. నారాయణగూడలో అది పేరొందిన ఉన్నత పాఠశాలయైనది. ఉర్దూలో బోధన లేనందున ప్రభుత్వపు గుర్తింపు దొరకలేదు. గుర్తింపు లేనిచో పరీక్షలు లేవు. పరీక్షలు లేనిచో ఆడుపిల్లల చదువు నడుమనే ఆగును. అప్పుడు మాడపాటివారు పూనాలోని కర్వే పండితుల మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయించి తమ పాఠశాలను దానికి అనుబంధించిరి. ఏ మహనీయుని అధ్యక్షతన తెలుగు పరిహాసము పాలయ్యెనో, ఆయన నెలకొల్పిన విద్యాలయమే తెలుగు బాలికల చదువును నిలిపినది. ఒకనాటి అల్లరి మనసులో పెట్టుకొని మంచివారిని దూరము చేసికొనకుండుట సంఘములు నడుపువారు నేర్వవలసిన గుణము.

1930లో ఈ సంఘమే ఆంధ్రమహాసభ రూపము దాల్చి మెదకు జిల్లా జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి సమావేశము జరుపుకొన్నది. నాడు సభ జరుపుటయు సులభము కాదు. 'గస్తీ నిషాన్ 53' అను ఉత్తరువును బట్టి ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. ఆ మహాసభతోపాటు అదే పందిళ్లలో ఆంధ్రమహిళాసభ కూడ జరిగినది. అధ్యక్షురాలు నడింపల్లి సుందరమ్మ గారు. ఆ పిమ్మట 1931లో దేవరకొండ సభకు టి. వరలక్ష్మమ్మ గారు, 1934లో ఖమ్మము సభకు ఎల్లాప్రగడ సీతాకుమారి గారు, 1935లో సిరిసిల్ల సభకు మాడపాటి మాణిక్యమ్మ గారు, 1936లో షాద్‌నగరు సభకు బూర్గుల అనంతలక్ష్మమ్మ గారు, 1937లో నిజామాబాదు సభకు నందగిరి ఇందిరాదేవి గారు అధ్యక్షత వహించిరి. బాలికలకు విద్య, బాల్యవివాహముల నిషేధము, వితంతువుల పునర్వివాహము, ఘోషా తొలగింపు వీరు చర్చించిన విషయములు. పరపురుషుని యెదుట పలుకుటయే తప్పని తలచిన కాలమున, ఊరుగాని ఊరిలో వేదికనెక్కి అధ్యక్షోపన్యాసము చేయుట ఎంతటి ధైర్యమో ఊహింపుడు. అల్లంపల్లి వారి ఒక్క ప్రసంగము ఆగిపోయిన తొమ్మిదేండ్లకు తెలుగు స్త్రీలు తెలుగులో సభ నడిపిరి.

అయినను ఒక్కమాట దాచరాదు. మహిళాసభ మహాసభకు ప్రక్కపందిరియైనది. రాజ్యాధికారమును, పన్నులను, భూమిని గూర్చిన మాటలు పెద్ద పందిరిలోను, పెండ్లి యీడు, ఘోషా మొదలగునవి చిన్న పందిరిలోను చర్చింపబడినవి. భూమిశిస్తు పెరిగినచో స్త్రీ కంచములోని అన్నము తరుగదా? వెట్టి స్త్రీని విడిచిపెట్టినదా? ఈ రెండు పందిళ్ల నడిమి తెరను తొలగించినది పండిత వనితలు కారు, పల్లె స్త్రీలు.

1940 తరువాత రైతుకూలీలు అసంఖ్యాకముగా సభలో చేరిరి. ఏయే మార్పులను ఎంత వేగముగా తేవలెనను విషయమున భేదాభిప్రాయములు ముదిరి, 1944లో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన భువనగిరి సమావేశమున మహాసభ రెండుగా చీలినది. ఏ పక్షమునకు ఎంత న్యాయమున్నదో తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. పల్లెలలో మాత్రము జనులు దానిని 'సంగము' అని ముద్దుగా పిలుచుకొనిరి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఆ సంగములో చేరి, తాను కౌలుకు తీసికొని దున్నిన భూమిపై విసునూరు దేశ్‌ముఖు కన్నువేయగా లొంగక నిలిచినది. పండిన పంటను సంగపు కార్యకర్తల తోడ్పాటుతో ఇంటికి చేర్చుకొన్నది. ఆమె ఉపన్యాసములు చేయలేదు, తీర్మానములు వ్రాయలేదు. నా పంట నాదియన్నది. సంఘముయొక్క ఆశయములన్నియు ఆ చిన్న మాటలో ఇమిడియున్నవి.

1948 సెప్టెంబరులో నిజాము రాష్ట్రము భారతదేశమున విలీనమైనది. 1951లో మాడపాటివారు హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1952లో బూర్గులవారు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. ఆ సంవత్సరపు ఎన్నికలలోనే ఆరుట్ల కమలాదేవి గారు ఆలేరు నుండి శాసనసభకు ఎన్నికైరి. ప్రక్కపందిరి స్త్రీ పెద్ద పందిరిలో ఆసీనురాలైనది.

ఇప్పుడు మేము నివసించు అమీర్‌పేటను చూడుడు. ఏ వీథికి పోయినను కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు, ఆడుపిల్లల వసతిగృహములు. పాలమూరు, నల్లగొండ, కరీంనగరు, ఖమ్మము మండలములనుండి కన్నెపిల్లలు పెట్టె చేతబట్టుకొని ఒంటిగా వచ్చి చదువుకొనుచున్నారు. వారి నానమ్మల తల్లులు పొరుగూరి సంతకైనను ఒంటిగా పోయియుండరు. ఈ పిల్లలకు నారాయణగూడ పాఠశాల కథ తెలియదు, తెలుపవలసినవారము మనమే. ఇంగ్లీషు నేర్చుట తప్పని మేమనము. ఉర్దూ నేర్చుట తప్పని నాటి సంఘమువారును అనలేదు. వారిలో పలువురు ఆ భాషలో దిట్టలు. పరభాష వచ్చుట గౌరవమే, తనభాషకు సిగ్గుపడుట మాత్రము అగౌరవము. పిల్ల నలుగురిలో తెలుగు పలికినపుడు 'ఇంగ్లీషులో చెప్పవే' అని గద్దించు తల్లి నాటి సభలో నవ్వినవారి ప్రక్క కూర్చున్నదే యగును.

సోదరీమణులారా! సెలవుదినమున అమీర్‌పేటలోనో పంజగుట్టలోనో మెట్రో రైలెక్కి ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగుడు. అచ్చటనుండి కోఠి, సుల్తాను బజారు కాలినడక దూరమే. భాషానిలయమును పిల్లలకు చూపుడు. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమును చూపుడు. 1924లో కళాశాలగా ఆరంభమైన ఆ విద్యాలయమునకు 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. పల్లెలో వెట్టిని ఎదిరించిన స్త్రీ పేరు పట్టములోని చదువులగుడి ద్వారముపై నిలిచినది.

నేడు తెలంగాణమునందు గ్రామపంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. అయినను భార్య పదవిలో ఉండగా భర్త సభలో మాటలాడుటయు కలదు. మహిళా సంఘములలో నెలనెల పొదుపు లెక్కలు చూచుకొని లేచిపోవుటయు కలదు. ఇట్టి సంఘము మీ వీథిలో ఉన్నచో, లెక్కలు ముగిసిన పిమ్మట ఒక్క గడియ కూర్చుండుడు. మనకు వర్తించు చట్టమొకటి తెచ్చి, తెలిసిన సోదరిచే దానిని తెలుగున చదివించుకొని వినుడు. పదునొకండుగురు కూడినను చాలును.