వెనుక చక్రం ఊగులాట

గౌతమీ గోదావరి తీరాన వెలసిన వైష్ణవ క్షేత్రం వాడపల్లి. ఏడు శనివారాలు స్వామిని దర్శిస్తామని మొక్కుకున్న భక్తులతో శనివారం నాడు ఆ ఊరి దారులు కిక్కిరిసి ఉంటాయి. కోనసీమలోని ఇటువంటి దారుల మీద కొబ్బరికాయల బస్తాలను, అరటి గెలలను చేరవేసే వాహనాలలో మోపెడ్‌ది ప్రత్యేక స్థానం.

సైకిలుకు చిన్న ఇంజను అమర్చాలన్న ఆలోచన నుండి పుట్టిన వాహనమిది. మన దేశంలో 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టి.వి.యస్. 50 దీనిని సామాన్యుల చెంతకు చేర్చాయి. ఇంజను వచ్చినా, అనేక మోపెడ్లలో సైకిలు నాటి పుల్లల చక్రం, గొలుసు అలాగే నిలిచాయి. వెనుక కట్టిన బరువులో అధికభాగం వెనుక చక్రమే మోయాలి. గొలుసు లాగుడును, గతుకుల తాకిడిని భరించేది కూడా అదే. అందువల్ల కాలక్రమంలో ఆ చక్రం ఊగడం మొదలవుతుంది.

చక్రం ఊగడం రోగం కాదు, రోగలక్షణం. ఒకే లక్షణానికి అనేక కారణాలుండవచ్చు. కారణం తెలియకుండా కనిపించిన మరనల్లా బిగించడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. కనుక సులువైన పరీక్షతో ప్రారంభించి, క్రమంగా కష్టమైన దాని వైపు సాగాలి.

మొదట బరువు దించి, టైరులో గాలి చూడాలి. గాలి తగ్గిన టైరు బరువు కింద పక్కలకు ఒరిగి, చక్రమే వంగిందన్న భ్రమ కలిగిస్తుంది. గాలి సరిగా ఉంటే ఇంజను ఆపి, బండిని స్టాండు మీద నిలిపి, ఇరుసు నట్లు బిగువుగా ఉన్నాయో లేదో గమనించాలి.

తరువాత చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని పక్కలకు కదపాలి. చక్రం మాత్రమే టకటకమని కదిలితే బేరింగులు అరిగాయని అనుమానించాలి. ఇరుసు దగ్గర వెంట్రుకవాసి సందు రిమ్ము దగ్గరకు వచ్చేసరికి కొన్ని రెట్లు పెరుగుతుంది. చక్రంతో పాటు దానిని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ కూడా కదిలితే, లోపం దాని బుష్‌లలో ఉన్నట్లు.

ఈ రెండూ లేనప్పుడు చట్రానికి ఒక పుల్లను కట్టి, దాని కొన రిమ్ముకు అతి చేరువగా ఉండేటట్లు చూడాలి. గొలుసుకు వేళ్లు దూరంగా ఉంచి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. రిమ్ము ఒకచోట పుల్లకు దగ్గరై, మరొకచోట దూరమైతే అది బెండు. రిమ్ము సమంగా తిరుగుతూ టైరు మాత్రమే అటూ ఇటూ పోతే, టైరు రిమ్ములో సరిగా కూర్చోలేదని గ్రహించాలి.

బెండు ఉన్నచోట పుల్లలను వేలితో మీటాలి. బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. ఒక పుల్ల వదులైతే దాని భారం పొరుగు పుల్లల మీద పడి, అవి కూడా తెగుతాయి. రిమ్ము కుడికి పోయినచోట హబ్బు ఎడమ వైపు నుండి వచ్చే పుల్లలను పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ తిప్పి చూడాలి. రిమ్ము లోహమే వంగిపోయినా, పగుళ్లు కనిపించినా దానిని మార్చడమే శరణ్యం.

మోపెడ్ చక్రం చుట్టుకొలత సుమారు 1.7 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి చక్రం సెకనుకు దాదాపు 5 సార్లు తిరుగుతుంది. అంటే చిన్న బెండు కూడా సెకనుకు 5 సార్లు బండిని పక్కకు నెడుతుంది. ఒకవైపు నది, మరొకవైపు పల్లం ఉన్న గట్టు మీద, వెనుక సీటులో మనిషిని కూర్చోబెట్టుకొని వెళ్లేవారికి ఇది ప్రాణాలతో చెలగాటం. స్టాండు మీద చేసే పది నిమిషాల పరీక్ష ఆ ప్రమాదాన్ని ముందే పసిగడుతుంది. చేయి వేయడానికి ముందు కారణం వెదకడమే మరమ్మతులో మొదటి పాఠం. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట యంత్రాల విషయంలోనూ నిజమే.